డెబ్బై మీద ముల్లు

"అమ్మీ, జల్ది చెప్పు. అబ్బా ఇంకా సిగార్లు తాగుతుండా, లేదా?"

ఫోన్‌లో కొడుకు ఉవైస్ తొందరపెట్టాడు. ఫరీదా మంచం మీద కూర్చుంది. ఉవైస్ కర్నూలులో దవాఖాన వరండాలో నిలబడి మాట్లాడుతున్నాడు. లోపల ఆమె భర్త గౌస్ పాషాను ఆపరేషన్‌కు తయారు చేస్తున్నారు.

"మానేసి ఏడాదైతుందని చెప్పుతుండు. డాక్టర్ నమ్ముతలేడు. ఇంట్ల అడిగి చెప్పుమన్నడు."

"తాగుతే ఏమైతది బేటా?"

"మత్తు ఇచ్చినంక ఊపిరి ఆగిపోవచ్చంట. తాగుతడంటే ఆపరేషన్ నెల దినాలు ఆపుతరు. ఆపితే కడుపుల గడ్డ అన్ని దినాలు ఊకుంటదో లేదో తెల్వదు. పది నిమిషాలల్ల మళ్ల ఫోన్ చేస్త."

ఫరీదా బుగ్గన తమలపాకు ఉందన్న సంగతే మరిచింది. మొన్న బస్సెక్కే ముందు భర్త చేతిలో పెట్టిపోయిన ఆకుల్లో అది ఆఖరిది. ఎంత ఎండాకాలమైనా, ఫజర్ నమాజు కాగానే రెండు లేత ఆకులు తెచ్చి ఇవ్వనిదే ఆయనకు తెల్లవారదు. గద్వాల బజారులో ఆకులు పొద్దెక్కేసరికే వాడిపోతున్న రోజులివి.

"ఏమన్నడు అమ్మీ?" నిన్ననే ఇటిక్యాల నుంచి వచ్చిన కూతురు సఫియా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఫరీదా సంగతంతా చెప్పి, కిటికీ పక్కన బల్ల వైపు వేలు చూపించింది.

అక్కడ నున్నటి చెక్క పెట్టె ఉంది. సిగార్లు ఎండిపోకుండా దాచుకునే పెట్టె, ఏళ్ళ కిందటే దుబాయ్ నుంచి మరిది జమీల్ పంపాడు. మూత మీద గడియారం లాంటి బిళ్ళ, అందులో ఒక ముల్లు. లోపల తేమ ఎంతుందో అది చెబుతుంది. ముల్లు డెబ్బై నుంచి కాస్త దిగిందంటే చాలు, గౌస్ పాషాకు అన్నం సహించదు. ఇన్వర్టర్‌కు పోసే బ్యాటరీ నీళ్ళు తెచ్చి లోపలి స్పాంజిని తడుపుతాడు. నల్లా నీళ్ళయితే బూజు పడుతుందట. ఆ పెట్టె మీద ఇంకొకరి చేయి పడనివ్వడు. మూత తీస్తే తేమ పోతుందంటాడు.

ఇప్పుడూ ముల్లు డెబ్బై మీదే ఉంది.

"మానేసినోడు గిట్ల నీళ్ళు పోసి సాకుతడా?" అంది ఫరీదా. "అడిగితే నవ్వుతడు. మిద్దె మీద కూసొని ఏం తాగుతడో నాకేం తెల్వాలె? కరోనా జ్వరమొచ్చినకాంచి నా ముక్కుకు వాసనే తెల్వదాయె."

సఫియా వంగి మూత దగ్గర ముక్కు పెట్టి చూసింది.

"పొగాకు వాసనే అమ్మీ."

"యా అల్లా," అంది ఫరీదా.

"తెరిచి చూడు. ఉంటే తాగుతున్నట్టే."

"డాక్టర్ ముందట మీ అబ్బాను అబద్ధాలోణ్ణి చేసినట్టైతది గదనే."

"అబద్ధాలోడైనా బతికుంటడు గద."

"మరి ఆ గడ్డ పగులుతే?"

తాగుతాడంటే ఒక భయం, తాగడంటే ఇంకో భయం. ఆయన ప్రాణం తన నాలుక చివర వచ్చి కూర్చున్నట్టుంది ఫరీదాకు.

ఫోన్ మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"అమ్మీ, స్ట్రెచర్ తెచ్చిన్రు. ఏం చెప్పమంటవ్?"

"జర ఆగు బేటా."

ఫోన్ చెవికి ఆనించుకునే ఫరీదా రెండో చేత్తో మూత పట్టుకుంది. బిస్మిల్లా అనుకుంటూ ఎత్తింది. ముల్లు కొద్దిగా కదిలింది. లోపల తడిపి పిండిన తెల్ల రుమాలు, అందులో ఏదో మందంగా చుట్టి ఉంది. ఆమె రుమాలు మడత విప్పింది. పక్కన సఫియా కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అమ్మీ, ఉన్నయా సిగార్లు?"

ఫరీదా రుమాలును మళ్ళీ మడిచి, మూత మూసింది.

"మీ అబ్బా తాగుతలేడని చెప్పు బేటా," అంది. "పెట్టె నిండ నా తమలపాకులే ఉన్నయి."