కిటికీలో కుందేలు

ఆదివారం గంట కొట్టగానే హెట్టీ ఉన్ని కుందేలు పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

యార్క్‌షైర్ కొండమీది ఆ అంటురోగాల ఆసుపత్రిలోకి కన్నవాళ్ళనైనా రానివ్వరు. పచ్చిక అవతల, కంచె దగ్గర నిలబడి చూసుకోవాల్సిందే. అంత దూరానికి పిల్లలందరూ ఒక్కలాగే ఉంటారు. గుండు, తెల్ల గౌను. చేతిలో బొమ్మని బట్టి ఎవరి పిల్లని వాళ్ళు పోల్చుకోవాలి.

కుందేలు హెట్టీది కాదు. పక్కమంచం మేబెల్‌ది. కంఠసర్పి జబ్బుతో గొంతు పూడుకుపోతూ మేబెల్ దాన్ని హెట్టీ చేతిలో పెట్టింది.

"మా అమ్మొస్తే నువ్వు ఊపవే. కనబడకపోతే ఏడుస్తుంది."

తెల్లారేసరికి ఆ మంచం ఖాళీ.

ఆ ఆదివారం మేబెల్ తల్లి కొత్త నల్లకోటు వేసుకుని వచ్చింది. హెట్టీ కుందేలుని ఊపింది. ఆవిడ చాలాసేపు కదల్లేదు. తరవాత మెల్లిగా చెయ్యెత్తింది.

పిచ్చితల్లి, మేబెల్ కాదని పోల్చుకోలేదు అనుకుంది హెట్టీ.

అప్పట్నించీ ఆవిడ ఒక్క వారమూ మానలేదు. వానలో తడుస్తూ నవ్వేది, గాల్లో ముద్దులు పెట్టేది. అనాథాశ్రమం నించి వచ్చిన హెట్టీకి అంతవరకూ ఎవరూ ముద్దు పెట్టలేదు. వాటిని దొంగసొమ్ములా దాచుకునేది. చచ్చిపోయినదాని వాటా తింటున్నానని దుప్పట్లో ఏడ్చేది.

ఇవాళే ఆఖరు. రేపు హెట్టీని పంపించేస్తారు. లోపలికొచ్చిన బొమ్మ బయటికి పోకూడదు కాబట్టి కుందేలు పొయ్యిలోకి పోతుంది. వచ్చేవారం ఈ కిటికీ ఖాళీగా కనబడితే ఆ తల్లికి నిజం తెలిసిపోతుంది. గుండె ఆగి చస్తుంది.

కంచె దగ్గర్నించి ఆవిడ వెళ్ళిపోగానే హెట్టీ వార్డు నర్సు సిస్టర్ బార్లో ఏప్రన్ పట్టుకుంది.

"సిస్టర్, దీన్ని కాల్చకండి. ఇంకో పిల్లకివ్వండి. ఆదివారాలు ఊపమనండి."

"ఊపడమేంటే? ఎవరికి?"

హెట్టీ వెక్కుతూ అంతా చెప్పేసింది. "నేను మేబెల్‌ని కానని ఆవిడకి చెప్పకండి సిస్టర్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

డ్యూటీలో ఎన్నడూ కూర్చోని సిస్టర్ మంచం అంచున కూలబడింది.

"మేబెల్‌ని మట్టిచేసి తిన్నగా ఇక్కడికే వచ్చి, పక్కమంచం పిల్లకి ఆదివారాలు ఎవరొస్తారని నన్నడిగిందే ఆవిడ."