దిష్టి తగలని లాప్‌టాప్

లాప్‌టాప్ కొట్లలో ఇప్పుడు ఎవరూ బేరాలాడరు. పిల్లల గురించి తల్లి చెప్పింది విని, ర్యామూ ప్రాసెసరూ ఎంతుండాలో మాటలొచ్చిన కౌంటరు యంత్రమే తేలుస్తుంది. ఒకసారి ఇచ్చాక నాలుగేళ్ల చదువుకీ అదే గతి.

"మీ అమ్మాయి ఎలా చదువుతుందండీ?" అని అడిగింది కౌంటరు.

కూతురితో వచ్చిన భ్రమరాంబ వెనక్కి తిరిగి చూసింది. వెనక వరుసలో పదిమంది తల్లులున్నారు. కన్నబిడ్డను కన్నతల్లే పొగిడితే ఆయుక్షీణం కదూ! "ఏం చదువులెండి, వట్టి మొద్దు," అంది.

కౌంటరు రెండో తరగతి పిల్లలు బొమ్మలేసుకునే మిషన్ను అట్టపెట్టెతో సహా బయటికి తోసింది. కూతురు హిమజ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మా, ఇంజనీరింగులో వంతెనల డిజైన్లు దీనిమీద ఎలా చెయ్యనే?"

భ్రమరాంబ కౌంటరు మీదికి వంగి గుసగుసలాడింది. "జిల్లా ఫస్టు నాయనా."

"వినబడలేదండీ. కాస్త గట్టిగా చెప్పండి."

ఆవిడ కూతురి చెవులు రెండూ అరచేతులతో మూసి, కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది. "మా పిల్ల జిల్లాకే ఫస్టు! లెక్కల్లో నూటికి నూరు!"

కొట్టంతా ఇటు తిరిగింది. ఉన్నవాటన్నిటిలోకీ ఘనమైన మిషను మెల్లగా బయటికొచ్చింది. పదిమంది తల్లుల చూపులూ దానిమీదే పడేసరికి భ్రమరాంబకు చెమటలు పోశాయి.

"బాబ్బాబు," అంది కౌంటరుతో, "దీన్ని ఆ మొద్దుపిల్లల అట్టపెట్టెలో పెట్టియ్యవూ!"