మాఫీ వాపస్

"నేను చేసిన మాఫీ నాకు వాపస్ ఇయ్యి!"

తిరుపతమ్మ గడపలోనే నిలబడి చెయ్యి చాపింది. పక్కింటి మనిషి, కాపురానికొచ్చిన కొత్తలో మొదలైన స్నేహం. కుల్సుమ్‌బీ ఇంట్లోంచి గడప దగ్గరికి పరుగున వచ్చింది.

"మాఫీ ఎట్ల వాపస్ ఇస్తరు తిరుపతమ్మా? అదేమన్న బదులు దెచ్చిన చక్కెరనా?"

"నువ్వు సస్తున్ననంటివి గాబట్టి చేసిన! ఇప్పుడు సస్తలేవంట గద!"

ఆ మాట నిజమే. కుల్సుమ్‌బీ రొమ్ములో గట్టి గడ్డ తగిలింది. వనపర్తి డాక్టరమ్మ సూదితో ముక్క తీసి పరీక్షకు పంపింది. ఇంకేముంది, క్యాన్సరేనని తనకు తానే తేల్చేసుకుంది మహాతల్లి! పోయేముందు అందరిచేతా 'కహా సునా మాఫ్', అంటే అన్నదీ విన్నదీ అన్నీ క్షమించామని, అనిపించుకోవాలి కదా. అందుకని ఇల్లిల్లూ తిరిగి, ఎవరికి ఏ తప్పు చేసిందో ఒప్పుకుని, క్షమించమని అడగడం మొదలుపెట్టింది. తీరా ఈ పొద్దున భర్త మహబూబ్ చల్లగా చెప్పాడు. డాక్టరమ్మ ఫోన్ చేసిందట, అది క్యాన్సర్ కాదట. తనలా ఏళ్ల తరబడి షుగరుండి ఇన్సులిన్ సూదులు వేసుకునేవాళ్లకు అలాంటి గడ్డలు వస్తాయట, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలట.

పాపం, బతికినందుకు కాసేపు సంతోషపడే యోగం కూడా లేకపోయింది.

"నేను జాడీల పెట్టిచ్చిన మామిడి తొక్కు ఏటేటా పెంట మీద పోస్తివా? మళ్ల నా ముంగట 'మస్తున్నది, ఇంకింత పెట్టు' అంటివా? సస్తున్నవని ఏడ్సుకుంట అలుముకొని మాఫ్ చేస్తి. అంత నాటకమేనా?" తిరుపతమ్మ గొంతు వణికింది. "ఇగ నీ గడప తొక్కితే ఒట్టు!"

తిట్లయితే కుల్సుమ్‌బీ ఎన్నయినా తట్టుకునేది. ఆ వణుకును మాత్రం తట్టుకోలేకపోయింది.

"తొక్కు సంగతి తప్పే. గని నాటకం గాదు. అల్లా కసమ్, ఇయ్యాల పొద్దుగాల దాంక సస్తున్ననే అనుకున్న!" మంచం మీద కూర్చుని టీ తాగుతున్న మహబూబ్ వైపు తిరిగి, ఎప్పట్లాగే కొడుకు పేరుతో పిలిచింది. "ఓ ఉవైస్ అబ్బా, జర నువ్వన్న చెప్పు. డాక్టరమ్మ ఫోన్ ఎప్పుడొచ్చింది?"

మహబూబ్ గ్లాసు కింద పెట్టాడు.

"మొన్న."

ఇద్దరాడవాళ్లూ ఒక్కసారే అతని మీదికి లేచారు. "మొన్ననా! మరి ఇయ్యాల్టి దాంక ఎందుకు చెప్పలే?"

మహబూబ్ తల గోక్కున్నాడు.

"వాడకట్టంత తిరిగి ఎవరికేం చేసినవో చెప్పుకుంటొస్తివి గద... నాకేం చేసినవో గూడ చెప్తవేమోనని ఆగిన."