చిప్ మూలలో గది

ఇన్నేళ్లలో ఆమె గీసిన ఏ చిప్ పటంలోనూ సాఫ్ట్‌వేర్ తనిఖీకి ఒక్క తప్పు దొరకలేదు. గీతకూ గీతకూ మధ్య ఉండాల్సిన ఎడాన్ని వెంట్రుకవాసి కూడా తగ్గనివ్వదని ఆఫీసంతా చెప్పుకుంటారు. ఆ రాత్రి అందరూ వెళ్లిపోయాక, తన కింద పనిచేసే కుర్రాడు పంపిన చివరి ఫైలును సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుంది.

రంగురంగుల గీతల నడుమ, ఖాళీగా ఉండాల్సిన మూలలో ఒక గది పటం కనిపించింది. ఆమె కూర్చున్న గదే. అదే బల్ల, అదే కుర్చీ, కుర్చీలో తన గుర్తుగా ఒక చిన్న చదరం, తలుపు దగ్గర ఇంకొకటి. చిప్ మూలలో సరదాకి ఏదో బొమ్మ దాచడం ఈ పనిలో మామూలే. తన మీద గౌరవంతో గీశాడనుకుని మురిసిపోయి, ఫోన్ చేసింది.

“నా గది భలే గీశావురా తమ్ముడూ! తలుపు దగ్గర ఆ రెండో చదరం ఎవర్రా, నువ్వా?”

“నేనేం గీయలేదక్కా. ఆ మూల ఖాళీగానే పంపాను.”

ఫైలును మళ్లీ తెచ్చుకుంది. రెండో చదరం ఇప్పుడు కుర్చీ వెనకే ఉంది. తనిఖీ నడిపితే ఎర్రగా ఒకే ఒక్క తప్పు వెలిగింది: రెండు చదరాల మధ్య ఎడం చాలదు.

గదిలో ఎక్కడా చప్పుడు లేదు.

“నా చిప్‌లో తప్పా!” అంది పైకే. వెనక్కి మాత్రం చూడలేదు. కుర్చీని జానెడు ముందుకు జరుపుకుని, ఫైలును ఇంకోసారి తెచ్చుకుంది.

ఆమె చదరం ముందుకు జరిగింది. రెండోదీ జరిగింది.