కత్తెర తగలని ఏడు

తన చెయ్యి మంచిదా కాదా అన్నది కత్తెర మాస్టారికి ఏళ్ళ తరబడి తీరని అనుమానం.

వీధిలో ఇంకెవరికీ ఆ అనుమానం లేదు. చంటిపిల్లలకు మొదటి కటింగ్ ఆయన సెలూన్‌లోనే చేయించేవారు. ఆయన చెయ్యి పడితే జుట్టు ఒత్తుగా వస్తుందని పేరు. ఆ పేరు సొంత పెరట్లో మాత్రం చెల్లలేదు. అక్కడ ఆయన నాటిన పసుపుపూల మొక్క నడుమెత్తు పొద అయింది. ఏటా ఆకులు వేసింది, ఏటా రాల్చింది, ఒక్క పువ్వు పూయలేదు. పక్కింట్లో అదే మొక్క చలి విరగ్గానే, ఇంకా ఆకైనా రాకముందే, కొమ్మకొమ్మా పసుపు ముద్దై నిలబడేది.

"నీళ్ళు పోశాను, ఎరువు వేశాను, చలికాలం పోయేలోగా చక్కగా క్రాఫు కూడా చేస్తున్నాను. ఇంకేం చెయ్యమంటావు స్వామీ?" అని దీపం ముందు నిలబడి అడిగేవాడు. జుట్టయినా మొక్కయినా కత్తిరించే కొద్దీ ఒత్తుగా వస్తుందని ఆయన నమ్మకం. ఆకులు రాలిన పొద చుట్టూ తిరుగుతూ, నోట్లో ఏదో గొణుక్కుంటూ, ఒక్క పుల్ల కూడా ఎగుడుదిగుడుగా మిగలకుండా గుండ్రంగా కత్తిరించేవాడు.

ఈ ఏడు మాత్రం దాని జోలికి వెళ్ళలేదు. మందుల వేడికి భార్య జుట్టు గుత్తులు గుత్తులుగా ఊడిపోతుంటే, మిగిలిన కాస్తా ఆయనే తీసేశాడు. ఆ తరవాత ఇంట్లో కత్తెర పట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

ఈ ఉదయం పెరటి తలుపు తీసి, గడప మీదే నిలబడిపోయాడు.

"ఏమండీ, పాలు పొంగుతున్నాయేమో చూడండి," గదిలోంచి భార్య సన్నగా అంది.

"పాలు పోతే పోయాయి. మొక్క పూసింది."

"ఈ స్థితిలో కూడా నన్ను ఆటపట్టించాలా?"

"ఒట్టు. కొమ్మలు కనబడ్డం లేదు, నువ్వే చూడు."

"ఇక్కణ్ణించి ఏం కనబడుతుంది, గోడ తప్ప. తీసుకెళ్ళండి."

ఆమెను మంచం దిగనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. ఇంక మార్చడానికి మందులేవీ మిగల్లేదని కూడా చెప్పాడు. మాస్టారు రెండోమాట తలచుకుని మొదటిమాట పక్కన పెట్టాడు. వసారా మూలనున్న పాత సెలూన్ కుర్చీని పెరట్లోకి ఈడ్చాడు. దాని చేతుల మీద అడ్డంగా ఒక పలక ఇంకా అలాగే ఉంది. తమ పాపను ఎత్తి కూర్చోబెట్టి జుట్టు కత్తిరించిన పలక. పాప చనిపోయిన ఏడే ఈ మొక్క నాటారు. అప్పటినుంచి పాప ఊసు భార్యాభర్తలిద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆయన పలక తీసి గోడకు ఆనించి, భార్యను ఎత్తుకొచ్చి కుర్చీలో దించాడు.

"మెల్లిగా. వచ్చిన గిరాకీని ఇలాగేనా కూర్చోబెట్టేది?" అంది ఆమె. పూలను చూస్తూ ఉండిపోయింది.

"మరి నా బాకీ?" అంది చివరికి.

మొదటి పువ్వు నా చేత్తో నీ జడలో పెడతాను అని మొక్క నాటిన రోజున ఆయన మాట ఇచ్చాడు. చలి పోగానే ఏటా ఆమె దెప్పేది. ఏటా ఆయన వచ్చే ఏటికి వాయిదా వేసేవాడు.

ఒక చిన్న రెమ్మ తుంచి, అలవాటుగా కుర్చీ వెనక్కి వెళ్ళి, ఆగిపోయాడు. తలకు చుట్టిన గుడ్డ తప్ప అక్కడ ఏమీ లేదు.

"ఏం, మాస్టారికి పాపిడి దొరకలేదా?"

అప్పుడే గోడ మీంచి పక్కింటావిడ తొంగి చూసింది. "పూసిందా? హమ్మయ్య. అన్నయ్యగారూ, ఈ ఏడు కత్తెర పెట్టలేదు కదూ?"

"లేదమ్మా."

"అదీ సంగతి. దీని మొగ్గలు పోయిన ఏడు పెరిగిన కొమ్మల మీదే ఉంటాయి. చలికాలంలో కత్తిరించారంటే పూలన్నీ ముందే కోసి పారేసినట్టు. పూలు రాలాకే కత్తిరించాలి. మొదట్లోనే వదినతో మొత్తుకున్నాను. మీతో అనొద్దని నా నోరు కట్టేసింది."

ఆవిడ మెల్లిగా గోడ దిగిపోయింది.

మాస్టారు తన చేతిని చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ దేవుణ్ణి అడిగినదానికి జవాబు ఆ చేతిలోనే ఉంది.

"నీకు తెలుసా?"

ఆమె తల ఊపింది.

"తెలిసి కూడా, ఏటా నేను కత్తిరిస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని చూశావా? ఒక్క మాట చెబితే పూసేది కదే. నీ జడ ఉన్నప్పుడే పూసేది."

"ముందు బాకీ తీర్చండి. జడ లేకపోతే చెవి ఉందిగా."

ఆయన వంగి, గుడ్డ అంచు సర్ది, రెమ్మను ఆమె చెవి మీద దోపాడు. ఆమె ఆయన చేతిని పట్టుకుని, రెమ్మ కుదురుకునేదాకా వదల్లేదు.

"తీరిపోయింది," అంది.

"ఇప్పుడైనా చెప్పు. నాతో ఎందుకు అనలేదు?"

ఆమె పూలవైపే చూస్తూ చెప్పింది.

"దానికి క్రాఫు చేస్తున్నంతసేపూ మీరు, 'తల కదపకు పాపా, అయిపోయింది, అయిపోయింది' అంటుండేవారు. ఈ ఇంట్లో పాపను పిలవడం నాకు వినబడేది ఏడాదికి ఆ ఒక్క పూటేనండీ."