ఉంటాది

దీపాలు పెట్టే వేళకి గోడ అవతల పాఠం మొదలైంది.

"నిన్న?"

"నిన్న... తిను అయిపోనాది."

"కాదమ్మా. నిన్న తిన్నాను. ఇప్పుడు తింటన్నాను. రేపు తింటాను. ఏదీ, రేపు?"



"రేపు... తిను అయిపోనాది."

"రేపటిది కూడా ఇప్పుడే తినేసినావేటి? మరి నాకేటి మిగిల్సినావు?"

రెండు గొంతులూ నవ్వాయి. ఇవతల గదిలో బియ్యం ఏరుతున్న ధనలక్ష్మి కూడా నవ్వుకుంది.

రాజాంలో ఈ వాటాలోకి దిగి ఆమెకి నెల కాలేదు. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. భర్త గిరిబాబు ధాన్యం లారీల వెంట తిరిగి ఎప్పుడో ఇల్లు చేరతాడు. అంతవరకు ఆమెకి తోడు ఆ గోడే.

పక్క వాటాలో ఇద్దరు ఆడవాళ్ళు. జ్ఞానాంబ హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. గున్నమ్మది ఒడిశా సరిహద్దు అవతలి పల్లె. బడి మొహం చూడలేదు. మొగుడు పోయాక పని వెతుక్కుంటూ ఇటు వచ్చింది. ఎప్పుడో ఈ ఇంట్లో కుదిరినప్పుడు ఆమెకి వచ్చిన తెలుగు క్రియ ఒక్కటే, అయిపోనాది. కూర వండు అయిపోనాది. నీళ్ళు తోడు అయిపోనాది. పని ముగిసిందని చెప్పే తన ఒడియా పలుకుబడికి ఈ తెలుగు మాట అతికించుకుంది. నిన్నటికీ, నేటికీ, రేపటికీ అదే.

ఈ సంగతులన్నీ ధనలక్ష్మికి ఆడపడుచు కూర్మమ్మ ఫోన్లో చెప్పింది. కూర్మమ్మ ఒకప్పుడు జ్ఞానాంబ దగ్గర చదువుకుంది, ఊరు వదిలి ఏళ్ళయింది.

"పరీక్షల్లో వస్తాది, ఉంటాది అని రాసినామంటే ఎర్రసిరాతో కొట్టేసీవోరు వదినా. వస్తుంది, ఉంటుంది అని మల్లీ రాయించీవోరు. ఆవిడ బజార్లోకొస్తే మా ఆడపిల్లలం సందుల్లో దూరీవోళ్ళం."

ధనలక్ష్మి ఆ మాటే అన్నం దగ్గర మొగుడితో అంది. "అంత పట్టింపు మనిషి, ఇప్పుడు పాఠం మనలాగే సెప్తన్నారు. తింటన్నాను, మిగిల్సినావు అని."

"మూడుపూటలా మన మాటలే వింటంటే యాస అంటుకోదేటి? గజ్జికన్నా తొందరగా అంటుకుంటాది," అన్నాడు గిరిబాబు.

వెళ్ళి పలకరించాలని ధనలక్ష్మికి ఉండేది. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. గున్నమ్మ కుళాయి దగ్గర కనిపించినా ఒక నవ్వు నవ్వి, బిందె సగం నిండగానే ఎత్తుకుని లోపలికి పరిగెడుతుంది. ఇంతమందికి చదువు చెప్పిన మనిషి గుమ్మంలో వచ్చిపోయేవాళ్ళ చెప్పులు ఒక్క జత కనపడవు.

కూర్మనాథస్వామి పటం ముందు ఒత్తి సరిచేస్తూ ధనలక్ష్మి అడిగింది. "ఒకరికి అన్ని మాటలిచ్చినావు. ఒకరికి ఒక్కటే ఇచ్చినావు. ఇదేటి పంపకం స్వామీ?"

ఆ ఆదివారం జ్ఞానాంబ అన్నకొడుకు అనంతకృష్ణ విశాఖపట్నం నుంచి వచ్చాడు. అతని గొంతు గోడ దాటి స్పష్టంగా వినిపించింది.

"ఇంట్లో ఒక్కరికే మాటలొస్తే ఎలా? ఏదైనా అయితే చెప్పేదెవరు? వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే ఏర్పాటు చేస్తాను. గున్నమ్మ వాళ్ళ ఊరు వెళ్ళిపోవచ్చు."

"మాట వస్తాది బాబూ. కంగారు పెట్టకు."

ఆ వారమంతా పాఠంలో నవ్వు లేదు. పొద్దున్నే మొదలయ్యేది. వచ్చాను, వస్తన్నాను, వస్తాను. అవతలినుంచి అదే అయిపోనాది. ఒకరోజు చెప్పే గొంతు మధ్యలో ఆగిపోయింది. "నువ్వు నేర్సుకోకపోతే మనిద్దరం సెరో దిక్కూ అయిపోతాం తల్లీ," అంది. తర్వాత ఎవరో ముక్కు చీదిన చప్పుడు.

శనివారం ధనలక్ష్మి శ్రీకూర్మం వెళ్ళింది. తన ఇంటి గోత్రంతోపాటు పక్కింటి ఇద్దరి పేర్లూ చెప్పి అర్చన చేయించింది. ప్రసాదం వేరేగా పొట్లం కట్టి తెచ్చింది.

మర్నాడు అనంతకృష్ణ రానే వచ్చాడు. ధనలక్ష్మి పొయ్యి ఆపి గోడ దగ్గర నిలబడింది.

"నిన్న ఏం తిన్నారు?"

అతను కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు.

"సరే, పోనీ. ఒక్క ప్రశ్న. నేను వెళ్ళిపోయాక ఇక్కడ ఎవరుంటారు?"

 వీధిలో సోడాబండి గంట కొట్టుకుంటూ పోయింది. ధనలక్ష్మి పెదవులు తమంతట తామే కదిలాయి.

"నువ్వు..." గోడ అవతల గొంతు తడబడింది. "నువ్వు... ఎల్తావు."

మళ్ళీ ఊపిరి తీసుకున్న చప్పుడు.

"గున్నమ్మ... గున్నమ్మ ఉంటాది."

నేనుంటాను అనడం ఇంకా రాలేదు పాపం, అనుకుంది ధనలక్ష్మి. అయినా అది రేపటి మాట. తప్పు లేని మాట.

అనంతకృష్ణ అన్నాడు. "సరే. ఉండనీ. ఇద్దరూ ఇక్కడే ఉండండి."

ధనలక్ష్మి ఇక ఆగలేకపోయింది. ప్రసాదం పొట్లం పట్టుకుని, ఈ వాటాలోకి వచ్చాక మొదటిసారి, పక్కింటి తలుపు తోసింది.

మంచం మీద, పక్షవాతంతో మాట పడిపోయి, చచ్చుబడిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న జ్ఞానాంబ, తాను జీవితమంతా ఎర్రసిరాతో కొట్టేసిన ఆ 'ఉంటాది'ని, నేలమీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న తన గురువు గున్నమ్మకి మళ్ళీ అప్పజెబుతోంది.