గుమ్మడితీగ

"తీగ మీద కొడవలి పడ్డదంటే నీ చెయ్యి ఇరగ్గొడ్త!" గోడ అవతలి నుంచి జనార్దన్ అరిచాడు.

అన్న హన్మంతు ఆగలేదు. ఆ రోజు సద్దుల బతుకమ్మ. గోడకు సున్నం వేద్దామంటే ఆ మూల నుంచి ఈ మూల దాకా గుమ్మడితీగే.

"నీ తీగకు నా గోడనే దొరికిందారా?" అంటూ మళ్లీ నరికాడు.

జనార్దన్ గోడ దూకి కర్రతో అన్న భుజం మీద కొట్టాడు. హన్మంతు కొడవలి విసురుగా తిప్పాడు. తమ్ముడి ముంజేయి తెగి, సున్నం బకెట్లోకి నెత్తురు కారింది.

హన్మంతు భార్య సుమిత్ర పరుగెత్తుకొచ్చి, కొంగు చింపి మరిది చేతికి బిగించి కట్టింది. తర్వాత గోడ మూలనున్న కట్టెల మోపును కాలితో తన్నింది.

"కండ్లు తెరిచి చూడు. వేరు ఎవలి జాగల ఉన్నది?"

మోపు చాటున దాగిన వేరు హన్మంతు పెరట్లోనే ఉంది.

"నేనే పెట్టిన. నేనే అటు పాకిచ్చిన. మీరు గోడ కట్టుకొని మూడేండ్లాయె. నా తోడికోడలు రజిత బతుకమ్మ కిందికి ఆకు, గౌరమ్మకు పువ్వు ఏడికెళ్లి తెచ్చుకుంటది? మీకు మాటల్లేకుంటే మాకు పండుగ లేదా?"

జనార్దన్ తడిసిన కట్టు వైపు చూసుకున్నాడు.

"గట్లయితే నేను కొట్లాడింది నీ తీగ కోసమేనా అన్నా?"

మూడేళ్ల తర్వాత ఆ పిలుపు. హన్మంతు తల దించాడు. పాదం కింద గుమ్మడి పువ్వొకటి నలిగి ఉంది. కాలు తీయలేకపోయాడు.